కేసు కోర్టులో, తీర్పు గ్యాలరీలో

అమెరికాలో ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఆటగాడు అరెస్టయితే అతని మీద మూడు చోట్ల విచారణ మొదలవుతుంది. ఒకటి కోర్టులో. రెండోది అతను ఆడే లీగ్‌లో, అంటే ఎన్‌బీఏలో. మూడోది టికెట్ కొని, అభిమాన జట్టు జెర్సీ తొడుక్కుని, గ్యాలరీలోనో టీవీ ముందో కూర్చునే అభిమానుల మధ్య. కోర్టుకు సాక్ష్యం కావాలి. లీగ్‌కు నిబంధన కావాలి. అభిమానికి ఈ రెండూ అక్కర్లేదు కాబట్టి అన్నిటికంటే ముందు వెలువడేది అతని తీర్పే. ఆ తీర్పు దేన్ని బట్టి వస్తుందో, దాని దెబ్బ ఎవరికి తగులుతుందో గత మూడు దశాబ్దాల కేసులు చూస్తే తెలుస్తుంది.

కోర్టు మాటలకు అర్థాలు

అరెస్టయినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. ప్రాసిక్యూటర్ అభియోగాలు మోపాలి, వాటిని జ్యూరీ ముందు నిరూపించాలి. అయితే అమెరికాలో పూర్తి విచారణ దాకా వెళ్లే క్రిమినల్ కేసులు చాలా తక్కువ. ఎక్కువ భాగం ప్రాసిక్యూటర్‌కూ నిందితుడికీ కుదిరే ఒప్పందంతోనే ముగుస్తాయి. నిందితుడు చిన్న నేరాన్ని ఒప్పుకుంటాడు, పెద్ద శిక్ష తప్పుతుంది. ఇంకో పద్ధతి కూడా ఉంది. అందులో నిందితుడు నేరం చేశాననడు, అభియోగంపై పోరాడనని మాత్రం చెబుతాడు. శిక్ష వేయడానికి కోర్టుకు అది చాలు. విచారణ జరిపి జ్యూరీ నిర్దోషి అని తేల్చడం ఒకటి, ఫిర్యాదుదారు సాక్ష్యం చెప్పడానికి ముందుకు రాక కేసు కొట్టివేయడం మరొకటి.

గ్యాలరీలో ఈ తేడాలు నిలవవు. సొంత జట్టు ఆటగాడైతే ‘కేసు కొట్టేశారు, అంటే ఏ తప్పూ చేయలేదన్నమాట’ అంటారు. అవతలి జట్టువాడైతే ‘డబ్బు పెట్టి బయటపడ్డాడు’ అంటారు. కేసు ఒకటే అయినా మాట మారిపోతుంది.

లీగ్ చేతిలో ఉన్నది

ఎన్‌బీఏలో 30 జట్లు ఉన్నాయి. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన ఉమ్మడి ఒప్పందమే క్రమశిక్షణకు ఆధారం. హింసాత్మకమైన పెద్ద నేరంలో దోషిగా తేలినా, నేరం ఒప్పుకున్నా, పోరాడనని చెప్పినా కనీసం 10 మ్యాచ్‌ల సస్పెన్షన్ తప్పదు. గృహహింస ఆరోపణలు వచ్చినప్పుడు కోర్టు తీర్పు కోసం ఆగకుండా లీగ్ సొంతంగా దర్యాప్తు జరిపించవచ్చు. ఆ లోపు ఆటగాడిని జీతంతో కూడిన సెలవులో ఉంచవచ్చు.

ఈ అధికారం ఎంత వేగంగా పనిచేస్తుందో గిల్బర్ట్ అరీనస్ కేసులో బయటపడింది. వాషింగ్టన్ విజార్డ్స్ జట్టుకు అతను పెద్ద తార. 2009 డిసెంబరులో సహచరుడితో తగాదా పడి లాకర్‌రూమ్‌లోకి తుపాకులు తెచ్చాడు. ఆ జట్టు పాత పేరు బుల్లెట్స్. తుపాకీ హింసను గుర్తుచేస్తోందని యజమాని ఏబ్ పోలిన్ 1997లో ఆ పేరు మార్పించాడు. పోలిన్ చనిపోయిన మరుసటి నెలలోనే ఈ ఘటన జరిగింది. దర్యాప్తు సాగుతుండగానే, 2010 జనవరి 5న ఒక మ్యాచ్‌కు ముందు అరీనస్ వేళ్లను తుపాకీలా చూపుతూ సహచరులతో నవ్వులాటలాడాడు. మర్నాడే లీగ్ కమిషనర్ డేవిడ్ స్టెర్న్ అతన్ని నిరవధికంగా సస్పెండ్ చేశాడు. స్టేడియం మీదున్న అతని భారీ చిత్రాన్ని జట్టు దించేసింది. లైసెన్సు లేకుండా పిస్తోలు కలిగి ఉన్న నేరాన్ని అతను అదే నెలలో ఒప్పుకున్నాడు. మార్చిలో కోర్టు రెండేళ్ల ప్రొబేషన్‌తోపాటు 30 రోజులు సంస్కరణ కేంద్రంలో గడపాలని తీర్పు ఇచ్చింది.

లీగ్ మాటకు తిరుగు లేదనుకోవడం మాత్రం పొరపాటు. 1997 డిసెంబరు 1న గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటగాడు లాట్రెల్ స్ప్రీవెల్ సాధన సమయంలో కోచ్ పి.జె. కార్లెసిమో గొంతు పట్టుకున్నాడు. జట్టు అతని కాంట్రాక్టును రద్దు చేసింది, లీగ్ ఏడాది నిషేధం వేసింది. ఆటగాళ్ల సంఘం మధ్యవర్తి దగ్గరికి వెళ్లింది. 1998 మార్చిలో మధ్యవర్తి ఆ సస్పెన్షన్‌ను 68 మ్యాచ్‌లకు తగ్గించి కాంట్రాక్టును పునరుద్ధరించాడు.

‘మనవాడు’ అయ్యాక

1999 జనవరిలో వారియర్స్ జట్టు స్ప్రీవెల్‌ను న్యూయార్క్ నిక్స్‌కు ఇచ్చేసింది. దేశమంతా దూషించిన ఆ మనిషికి నిక్స్ సొంత మైదానమైన మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చప్పట్లు దక్కాయి. ఆ ఏడాది నిక్స్ తమ విభాగంలో ఎనిమిదో స్థానంతో ప్లేఆఫ్స్‌లోకి వచ్చి ఏకంగా ఫైనల్స్‌కు చేరింది. స్ప్రీవెల్ ఊరికి ఆప్తుడైపోయాడు. అదే స్ప్రీవెల్ వారియర్స్ అప్పటి ఊరైన ఓక్లండ్‌కు ప్రత్యర్థిగా వెళితే పాత అభిమానులు అరుపులతో గేలిచేశారు. రెండు ఊళ్ల మధ్య మారింది జెర్సీ ఒక్కటే.

దీనికి మనస్తత్వ శాస్త్రంలో వివరణ ఉంది. రాబర్ట్ సియాల్డిని బృందం 1976లో ప్రచురించిన అధ్యయనం అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థులను గమనించింది. తమ ఫుట్‌బాల్ జట్టు గెలిచాక విద్యార్థులు ఆ విశ్వవిద్యాలయం పేరున్న దుస్తులు ఎక్కువగా వేసుకున్నారు. గెలుపు గురించి చెప్పేటప్పుడు ‘మనం గెలిచాం’ అన్నారు. ఓటమి వంతు వచ్చేసరికి ‘వాళ్లు ఓడిపోయారు’ అన్నారు. గెలుపులో వాటా తీసుకున్న అభిమానికి ఆటగాడి మీద పడ్డ మచ్చ తన మీద పడ్డట్టే ఉంటుంది. దాన్ని తుడుచుకోవడానికి కొందరు నేరమే జరగలేదంటారు. మరికొందరు ‘ఆట వేరు, అతని బతుకు వేరు’ అని గీత గీస్తారు. ఈ రెండో ధోరణిని 2013లో మరో పరిశోధక బృందం విడిగా గుర్తించింది. తప్పును తప్పు కాదని బుకాయించడం కంటే, తప్పును ఒప్పుకుంటూనే ప్రతిభను వేరుచేసి మెచ్చుకోవడం మనిషికి తేలికని ఆ పరిశోధకులు చెప్పారు.

సొంత ఊరే విసిగిపోతే

అభిమానం ఎప్పుడూ గుడ్డిదేననడానికి వీల్లేదు. పోర్ట్‌లండ్ నగరం ఇందుకు ఉదాహరణ. ట్రైల్ బ్లేజర్స్ జట్టును ఆ ఊరు ఇంటి మనిషిలా చూసుకుంది. 1977 నుంచి 1995 వరకు సొంత మైదానంలో వరసగా 814 మ్యాచ్‌లకు టికెట్లన్నీ అమ్ముడయ్యాయి. అలాంటి జట్టు 2000 తర్వాత వరస కేసుల్లో చిక్కుకుంది. లైంగిక నేరానికి సంబంధించిన కేసులో శిక్ష పడ్డ రూబెన్ ప్యాటర్సన్‌ను 2001లో తెచ్చుకుంది. 2002 నవంబరులో సియాటిల్‌లో మ్యాచ్ ఆడి తిరిగివస్తున్న రషీద్ వాలెస్, డేమన్ స్టౌడమైర్‌ల కారును పోలీసులు అతివేగంగా వెళ్తోందని ఆపి, గంజాయి కేసు పెట్టారు. స్టౌడమైర్ మరుసటి ఏడాది విమానాశ్రయంలో గంజాయితో మళ్లీ దొరికాడు. జట్టు పేరులో ‘ట్రైల్’ పోయి ‘జైల్’ వచ్చి చేరింది. పత్రికలు ‘జైల్ బ్లేజర్స్’ అని రాయసాగాయి.

ఊరికి కేసులకంటే ఎక్కువగా నొప్పి కలిగించింది ఒక మాట. అభిమానులు గేలిచేసినా తమకు పట్టదనీ, రేపు వీధిలో కనబడితే వాళ్లే ఆటోగ్రాఫ్ అడుగుతారనీ జట్టు ఆటగాడు బాంజీ వెల్స్ 2001లో ఒక పత్రికతో అన్నాడు. కుర్చీలు ఖాళీ అవడం మొదలైంది. 2002-03లో జట్టు 50 మ్యాచ్‌లు గెలిచినా ఆ అసంతృప్తి చల్లారలేదు. 2003లో వచ్చిన కొత్త యాజమాన్య బృందం ఆటగాళ్ల నడవడిక మార్పిస్తామని అభిమానులకు 25 అంశాల హామీపత్రం ఇచ్చింది. చెడ్డపేరు పడ్డ ఆటగాళ్లను ఒక్కొక్కరిగా పంపేసింది. 2004లో జట్టు ప్లేఆఫ్స్‌కు అర్హత పొందలేదు. 21 ఏళ్లలో అది మొదటిసారి. కుక్కల పందేల కేసులో క్వింటెల్ వుడ్స్ అనే ఆటగాడిని జట్టు వదిలేసింది. 2005 జనవరిలో అతను మూగజీవాలను హింసించిన నేరం ఒప్పుకున్నాడు. పోర్ట్‌లండ్ అభిమాని కోరింది గెలుపుతోపాటు మర్యాద. అది దక్కనప్పుడు టికెట్ కొనడం మానేశాడు. కోర్టు తీర్పులతో పని లేకుండా, ఎవరినీ బెదిరించకుండా అభిమాని వాడగలిగిన సాధనం అదే.

అభిమానే నిందితుడైతే

2004 నవంబరు 19న మిషిగన్ రాష్ట్రం ఆబర్న్ హిల్స్‌లో ఇండియానా పేసర్స్, డిట్రాయిట్ పిస్టన్స్ ఆడుతున్నాయి. ఇంకా 45.9 సెకన్లు మిగిలి ఉండగా ఆటగాళ్ల మధ్య తోపులాట జరిగింది. అది సద్దుమణుగుతున్న సమయంలో గ్యాలరీ నుంచి పానీయంతో ఉన్న కప్పు ఎగిరివచ్చి పేసర్స్ ఆటగాడు రాన్ ఆర్టెస్ట్ మీద పడింది. అతను గ్యాలరీలోకి దూకాడు. కొద్ది నిమిషాలపాటు ఆటగాళ్లు, ప్రేక్షకులు కలగలిసి కొట్టుకున్నారు. తొమ్మిది మంది ఆటగాళ్లకు కలిపి 146 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది. ఆర్టెస్ట్ ఆ సీజన్ అంతా దూరమయ్యాడు. ఐదుగురు ఆటగాళ్ల మీద, ఐదుగురు ప్రేక్షకుల మీద క్రిమినల్ కేసులు నమోదయ్యాయి. ఆటగాళ్లకు ప్రొబేషన్, సమాజ సేవ శిక్షలు పడ్డాయి. కప్పు విసిరిన వ్యక్తికి 30 రోజుల జైలు శిక్ష పడింది. ఆ తర్వాత లీగ్ ప్రేక్షకులకు ప్రవర్తనా నియమావళి తెచ్చి, స్టేడియంలో మద్యం అమ్మకంపై పరిమితులు పెట్టింది.

ఈ గొడవ మరో సత్యాన్ని బయటపెట్టింది. ఎన్‌బీఏ ఆటగాళ్లలో అత్యధికులు నల్లజాతీయులు. గ్యాలరీలో ఇరువైపులా తప్పు జరిగినా, ఆ తర్వాతి రోజుల్లో ‘రౌడీలు’ అన్న మాట ఆటగాళ్ల మీదే ఎక్కువగా పడింది. 2005 అక్టోబరులో లీగ్ దుస్తుల నియమం తెచ్చినప్పుడు అది తమ తరాన్ని, తమ సంస్కృతిని వేలెత్తి చూపడమేనని ఆలెన్ ఐవర్సన్ లాంటి ఆటగాళ్లు నిరసించారు.

పందెం కాసే అభిమాని

2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత క్రీడా పందేలను చట్టబద్ధం చేసే వీలు రాష్ట్రాలకు దక్కింది. దాంతో ఒక కొత్త రకం అభిమాని పుట్టాడు. జట్టు గెలుపోటములతో అతనికి పని లేదు. ఫలానా ఆటగాడు ఎన్ని పాయింట్లు చేస్తాడన్నదే అతనికి ముఖ్యం. టొరంటో రాప్టర్స్ ఆటగాడు జాంటే పోర్టర్ తన ఆరోగ్య సమాచారాన్ని పందెగాళ్లకు చేరవేశాడనీ, పందెం కోసం ఒక మ్యాచ్ మధ్యలోనే తప్పుకున్నాడనీ లీగ్ దర్యాప్తులో తేలింది. 2024 ఏప్రిల్ 17న అతనిపై జీవితకాల నిషేధం పడింది. జూలైలో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. ఇలాంటి కేసుల్లో ‘ఆట వేరు, బతుకు వేరు’ అన్న గీత పనిచేయదు. నేరం ఆటలోనే జరిగింది కాబట్టి సొంత జట్టు అభిమాని కూడా వెనకేసుకు రాలేడు.

ఈగల్‌లో ఆగిపోయిన విచారణ

అభిమానుల శక్తి అన్నిటికంటే తీవ్రంగా పనిచేసింది లాస్ ఏంజెలిస్ లేకర్స్ తార కోబీ బ్రయంట్ కేసులో. 2003 వేసవిలో మోకాలి శస్త్రచికిత్స కోసం కొలరాడో వెళ్లిన బ్రయంట్ తనపై లైంగిక దాడి చేశాడని 19 ఏళ్ల హోటల్ ఉద్యోగిని ఫిర్యాదు చేసింది. జూలై 18న ఈగల్ కౌంటీలో అభియోగాలు నమోదయ్యాయి. ఆమె ఇష్టంతోనే జరిగిందని బ్రయంట్ వాదించాడు. ఆ సీజన్‌లో అతను కోర్టుకూ మైదానానికీ మధ్య విమానాల్లో తిరిగాడు. 2004 మే 11న పగలు కొలరాడో కోర్టులో నేరం చేయలేదని చెప్పి, ఆ రాత్రే లాస్ ఏంజెలిస్‌లో శాన్ ఆంటోనియో మీద 42 పాయింట్లు చేశాడు. లేకర్స్ గ్యాలరీ హోరెత్తింది.

ఇదే కాలంలో ఫిర్యాదు చేసిన యువతి బతుకు చిందరవందరైంది. డిఫెన్స్ న్యాయవాది నిండు కోర్టులో ఆమె పేరును పదేపదే పలికింది. రహస్యంగా ఉంచాల్సిన పత్రాలు కోర్టు సిబ్బంది పొరపాటు వల్ల బయటికి పొక్కాయి. ఆమెను చంపుతామనే బెదిరింపులు వచ్చాయి, బెదిరించినవారిలో కొందరు అరెస్టయ్యారు. జ్యూరీ ఎంపిక జరుగుతుండగా ఆమె సాక్ష్యం చెప్పలేనంది. 2004 సెప్టెంబరు 1న కేసు కొట్టివేశారు. అదే రోజు బ్రయంట్ క్షమాపణ ప్రకటన విడుదల చేశాడు. ఆమె ఇష్టంతోనే జరిగిందని తాను నమ్మినా, ఆమె అలా భావించలేదని ఇప్పుడు గ్రహించానని అందులో చెప్పాడు. సివిల్ కేసు 2005లో రాజీతో ముగిసింది.

ఆ తర్వాత 2009, 2010లో టైటిళ్లు వచ్చాయి. 2017లో లేకర్స్ అతని 8, 24 నంబర్లు రెండింటినీ గౌరవంగా పక్కనపెట్టింది. 2020 జనవరి 26న కూతురితోపాటు హెలికాప్టర్ ప్రమాదంలో అతను మరణించినప్పుడు ప్రపంచమంతా కన్నీరు పెట్టింది. ఆ దుఃఖం నిజమైనది. అయితే ఆ రోజే పాత కేసును గుర్తుచేసిన వాషింగ్టన్ పోస్ట్ విలేకరికి కూడా చంపుతామంటూ సందేశాలు వెల్లువెత్తాయి. 2003లో ఫిర్యాదు చేసినామెకు ఎదురైనదే 2020లో ఆ ఫిర్యాదును ప్రస్తావించినామెకూ ఎదురైంది.

విచారణ పూర్తయితే ఏం జరుగుతుందో అట్లాంటా హాక్స్ ఆటగాడు థాబో సెఫలోషా కేసు చెబుతుంది. 2015 ఏప్రిల్ 8న న్యూయార్క్‌లో ఒక నైట్‌క్లబ్ బయట పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. ఆ పెనుగులాటలో అతని కాలు విరిగింది, ప్లేఆఫ్స్ పోయాయి. రాజీకి ఒప్పుకుంటే కేసు తేలిగ్గా ముగిసేదే. అతను కాదని జ్యూరీ ముందుకు వెళ్లాడు. అక్టోబరులో జ్యూరీ గంట లోపే నిర్దోషి అని తేల్చింది. తర్వాత అతను వేసిన దావాలో 40 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. సాక్షులు నిర్భయంగా మాట్లాడారు, జ్యూరీ విని తేల్చింది, అభిమానికి ఒక జవాబు దొరికింది. ఈగల్ కౌంటీ కేసులో ఆ జవాబు ఇక ఎప్పటికీ దొరకదు. దాన్ని చెప్పగలిగిన ఒకే ఒక విచారణ మొదలవకముందే ఆగిపోయింది.