విమానం ఎక్కే సరుకును మోసే లారీకీ అనుమతి కావాలి: యూరప్ వెళ్లే డ్రైవర్లు తెలుసుకోవాల్సినవి

గల్ఫ్‌లో నాలుగైదేళ్లు హెవీ డ్రైవర్‌గా చేసి, ఇప్పుడు యూరప్ వైపు చూస్తున్న కుర్రాళ్లు మన బస్తీల్లో, పల్లెల్లో తక్కువేం లేరు. పోలండ్, లిథువేనియా, జర్మనీ పేర్లు ఏజెంట్ల నోట తరచుగా వినిపిస్తున్నాయి. జీతం ఎంత, వీసా ఎన్నాళ్లు అని అందరూ అడుగుతారు. బండిలో ఏం సరుకు మోయాలి అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. నిజానికి ఆ ప్రశ్న మీదే చాలా సంగతులు ఆధారపడి ఉంటాయి.

ఎందుకంటే విమానంలో వెళ్లే సరుకును, అంటే ఎయిర్ కార్గోను, రోడ్డు మీద మోసే కంపెనీలకు యూరోపియన్ యూనియన్ నిబంధన మార్చింది. ఇంతకుముందు రవాణా కంపెనీ ఒక హామీపత్రం మీద సంతకం చేసి ఇస్తే సరిపోయేది. 2027 జనవరి 1 నుంచి ప్రభుత్వ భద్రతా సంస్థ తనిఖీ చేసి ఇచ్చే అనుమతి ఉండాలి. అలాంటి కంపెనీని 'అప్రూవ్డ్ హాలియర్' అంటారు. హాలియర్ అంటే మన మాటల్లో సరుకు రవాణా చేసేవాడు. జర్మనీలో అయితే అక్కడి పౌర విమానయాన సంస్థ ఇలాంటి అనుమతులు ముందు నుంచే ఇస్తోంది.

లారీకి, విమాన భద్రతకు సంబంధం ఏంటి?

విమానంలోకి వెళ్లే ప్రతి పెట్టెనూ ఎక్కడో ఒకచోట భద్రంగా ఉందని తేల్చాలి. దానికి రెండు దారులున్నాయి. ఒకటి, 'రెగ్యులేటెడ్ ఏజెంట్' అనే అనుమతి ఉన్న కార్గో కంపెనీ తన గోదాంలో ఎక్స్‌రే లాంటి పద్ధతుల్లో తనిఖీ చేయడం. రెండోది, సరుకు తయారు చేసే ఫ్యాక్టరీయే 'నోన్ కన్సైనర్' హోదా తెచ్చుకుని, ప్యాకింగ్ దగ్గర్నుంచే భద్రత పాటించడం. ఈ రెండింటిలో ఏదో ఒకటి జరిగాక ఆ సరుకుకు భద్రతా హోదా వస్తుంది. ప్రయాణికుల విమానంలో కూడా వేయొచ్చు అనే హోదాను కాగితాల మీద ఎస్‌పీఎక్స్ అని రాస్తారు.

కానీ తనిఖీ అయిన గోదాం ఒకచోట, ఎయిర్‌పోర్టు ఇంకోచోట. మధ్యలో వంద కిలోమీటర్లు ఉండొచ్చు, వెయ్యి కూడా ఉండొచ్చు. యూరప్‌లో సరుకు ఒక ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో ఎయిర్‌పోర్టుకు లారీలో పోవడం మామూలే. దాన్ని రోడ్ ఫీడర్ సర్వీస్ అంటారు. కాగితాల్లో ఆ లారీకి విమానానికి ఇచ్చినట్టే ఫ్లైట్ నంబరు కూడా ఉంటుంది. ఆ దారిలో ఎవరైనా తలుపు తీసి ఒక పెట్టె మారిస్తే, గోదాంలో చేసిన తనిఖీ అంతా వృథాయే. అందుకే ఆ కొన్ని గంటల భద్రత మొత్తం డ్రైవర్ చేతిలో ఉంటుంది. మన ఇళ్లల్లో అమానత్ అంటామే, అలాంటిదే.

ఇది ఊరికే వచ్చిన భయం కాదు. 2010 అక్టోబరు 29న యెమెన్ రాజధాని సనా నుంచి అమెరికాకు పంపిన రెండు పార్శిళ్లలో ప్రింటర్ కార్ట్రిడ్జ్‌ల లోపల పేలుడు పదార్థం దొరికింది. ఒకటి బ్రిటన్‌లోని ఈస్ట్ మిడ్‌ల్యాండ్స్ ఎయిర్‌పోర్టులో, ఇంకోటి దుబాయిలో పట్టుబడ్డాయి. ఆ తర్వాత కార్గో నిబంధనలు ప్రపంచమంతా గట్టిపడ్డాయి. 2024 జూలైలో జర్మనీలోని లైప్‌జిగ్‌లో, బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో కొరియర్ కేంద్రాల్లో పార్శిళ్లకు మంటలంటుకున్నాయి. అవి ఆకాశంలో అంటుకుని ఉంటే ఏం జరిగేదో చెప్పక్కర్లేదు.

డ్రైవర్ ఏం పాటించాలి?

పాత హామీపత్రంలోనే డ్రైవర్ బాధ్యతలు స్పష్టంగా ఉన్నాయి. అనుమతి విధానం వచ్చాక అవే బాధ్యతలకు ప్రభుత్వ తనిఖీ తోడవుతుంది. ముఖ్యమైనవి ఇవి:

లోడింగ్‌కు సరిగ్గా ముందు బండి వెనక భాగం మొత్తం వెతికి చూడాలి. లోడింగ్ పూర్తయ్యేదాకా వేరేవాళ్లు అందులోకి వెళ్లకుండా చూసుకోవాలి.

తలుపులకు సీల్ గానీ తాళం గానీ ఉండాలి. పక్కల పరదాలున్న బండి అయితే చుట్టూ టీఐఆర్ తాడు బిగించాలి. పైకప్పు లేని బండి అయితే సరుకు మీద నిరంతరం కన్నేసి ఉంచాలి.

ఫొటో ఉన్న ప్రభుత్వ గుర్తింపు పత్రం డ్రైవర్ దగ్గర ఎప్పుడూ ఉండాలి. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి చెల్లుతాయి.

ముందే అనుకోని చోట బండి ఆపకూడదు. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తీసుకోవాలని చట్టమే చెబుతుంది కాబట్టి, ఎక్కడ ఆగాలో బయల్దేరకముందే తేల్చుకోవాలి. తప్పనిసరిగా మధ్యలో ఆగాల్సి వస్తే, మళ్లీ బండెక్కే ముందు సీల్, తాళం సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి.

సీల్ తెగినట్టో, ఎవరో చెయ్యి పెట్టినట్టో అనుమానం వస్తే పైవాళ్లకు చెప్పాలి. డెలివరీ చేసే చోట కూడా చెప్పకుండా సరుకు దింపకూడదు. అలా చెబితే ఆ సరుకును మళ్లీ తనిఖీ చేస్తారు. టైమ్ పోతుంది, ఖర్చూ అవుతుంది. అయినా దాచడం కన్నా అదే మేలు. కొత్త సీల్ వేసి ఊరుకుంటే ఆ తప్పు డ్రైవర్ మీదకే వస్తుంది.

ఇంకో నిబంధన చిన్న ఓనర్లకు సంబంధించింది. పని ఎక్కువై ఒక ట్రిప్పును తెలిసినవాడి బండికి అప్పగించడం మన దగ్గర మామూలే. ఇక్కడ అది కుదరదు. సబ్ కాంట్రాక్ట్ తీసుకునే బండికి కూడా అదే అర్హత ఉండాలి. సరుకును దారిలో ఏదో ఒక షెడ్డులో రాత్రికి దింపి ఉంచడమూ కుదరదు. అనుమతి ఉన్న చోటే నిల్వ చేయాలి.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ అనుమతి అవసరమయ్యేది ఇప్పటికే భద్రతా హోదా వచ్చిన సరుకుకే. ఇంకా తనిఖీ కాని సరుకును తనిఖీ కేంద్రం దాకా చేర్చే మామూలు లారీకి ఇది అక్కర్లేదు.

ఐదేళ్ల లెక్క

మన పిల్లలకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది. యూరోపియన్ యూనియన్ విమాన భద్రతా నియమాల్లో మామూలు నేపథ్య తనిఖీలోనే మూడు విషయాలు చూస్తారు. మనిషి ఎవరు అన్నది మొదటిది. కనీసం గత ఐదేళ్లలో నివసించిన ప్రతి దేశంలోనూ నేర చరిత్ర ఉందా అన్నది రెండోది. ఆ ఐదేళ్లలో ఉద్యోగం, చదువు, మధ్యలో ఖాళీలు ఎలా గడిచాయన్నది మూడోది. కొన్ని పనులకు దీనికన్నా లోతైన తనిఖీ కూడా ఉంటుంది.

'ప్రతి దేశంలోనూ' అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. రెండేళ్లు సౌదీలో, ఏడాదిన్నర ఖతర్‌లో చేసి ఇంటికొచ్చిన అబ్బాయికి మన పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ ఒక్కటే చాలదు. ఆ రెండు దేశాల కాగితాలు కూడా అడగొచ్చు. ఇంటికొచ్చాక వాటిని తెప్పించుకోవడం కన్నా, అక్కడ ఉండగానే తీసుకోవడం ఎంతో సులువు. కాబట్టి గల్ఫ్ వదిలి రావాలనుకుంటున్న అన్నో తమ్ముడో ఉంటే, ఈ మాట ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. పోలీస్ క్లియరెన్స్, కంపెనీ సర్వీస్ లెటర్, పాత ఇఖామా కాపీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఒక ఫైలులో పెట్టుకోమనండి.

ఖాళీగా ఉన్న నెలల గురించి భయపడక్కర్లేదు. అబ్బాకు ఒంట్లో బాగోలేక ఆరు నెలలు ఇంట్లోనే ఉన్నాడంటే అది నేరం కాదు. ఉన్నది ఉన్నట్టు రాసి, ఆధారం జత చేయాలి. ఆ ఖాళీ నింపడానికి ఏజెంటు తెచ్చిచ్చే దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటరే అసలు ప్రమాదం. అది దొరికిపోతే ఉద్యోగం పోవడంతో ఆగదు.

హైదరాబాద్‌కు సంబంధం ఉందా?

నేరుగా కాదు గానీ, ఉంది. 2027 నాటి అనుమతి యూరప్‌లో నడిచే రవాణా కంపెనీలకు సంబంధించింది. జీడిమెట్ల నుంచో పాశమైలారం నుంచో శంషాబాద్‌కు మందుల పెట్టెలు మోసే లారీ ఓనర్ దానికి దరఖాస్తు చేయక్కర్లేదు. మన దగ్గర విమాన భద్రత బీసీఏఎస్ అనే కేంద్ర సంస్థ చూస్తుంది. అయితే యూరప్ వెళ్లే సరుకు విషయంలో 2014 జూలై నుంచి యూరప్ ప్రమాణాల ప్రకారం పరిశీలన కూడా ఉంది. మన ఎయిర్‌పోర్టు నుంచి అక్కడికి సరుకు తీసుకెళ్లే ఎయిర్‌లైన్స్, అక్కడి గుర్తింపు తెచ్చుకున్న ఇక్కడి కార్గో ఏజెంట్లు, ఫ్యాక్టరీలు ఆ పరిధిలోకి వస్తారు. తనిఖీ అయిన సరుకు దారిలో చెక్కుచెదరకూడదన్న సూత్రం ఇక్కడి లారీకీ అదే. శంషాబాద్ కార్గో గేటు దగ్గర సీల్ నంబరు కాగితంతో కలవకపోతే డ్రైవర్‌ను ఆపేస్తే, అది వేధింపు అనుకోవద్దు.

ఏజెంటును ఏం అడగాలి?

'ఎయిర్ కార్గో సెక్యూరిటీ అప్రూవల్ నీ పేరు మీద తీసిస్తా, ఇంత ఖర్చవుతుంది' అని ఎవరైనా అంటే వెంటనే అనుమానించండి. ఆ అనుమతి ఇచ్చేది కంపెనీకి, డ్రైవర్‌కు కాదు. డ్రైవర్‌కు కావాల్సిన భద్రతా శిక్షణ, నేపథ్య తనిఖీ పనిలో పెట్టుకునే కంపెనీ ద్వారా జరుగుతాయి.

డబ్బు కట్టే ముందు నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి. కంపెనీ పేరు, దేశం ఏంటి? అది ఎయిర్ కార్గో మోస్తుందా, మోస్తే అనుమతి ఉందా? కోడ్ 95 అనే డ్రైవర్ అర్హత శిక్షణ ఖర్చు ఎవరిది? యూరప్ బయటి డ్రైవర్‌కు తప్పనిసరి అయిన డ్రైవర్ అటెస్టేషన్ కంపెనీ తీసిస్తుందా? వీటికి కాగితం మీద జవాబు ఇవ్వని ఏజెంటు చేతిలో అమ్మీ నగలు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు పెట్టొద్దు.