ప్రయాణములో పాట

అనకాపల్లి జిల్లాలో తూర్పు కనుమలకు చేరువగా నున్న పట్టణము నర్సీపట్నము. ఇచ్చటినుండి ఒక దారి లంబసింగి మీదుగా చింతపల్లికి, మన్యములోనికి ఎక్కిపోవును. మఱియొక దారి మైదానమున సాగి అనకాపల్లి, విశాఖపట్నముల వైపు పోవును. హౌరా-చెన్నై రైలుమార్గముపై 'నర్సీపట్నం రోడ్డు' అను స్టేషను ఒకటి ఉన్నను, అది పట్టణములో లేదు, దూరముగా నున్నది. కావున ఇచ్చటివారికి ప్రయాణమనగానే ముందుగా స్ఫురించునది బస్సే.

ఒక ఉదయమున ఈ ఊరి బస్సుస్టాండులో, విశాఖపట్నము పోవు బస్సులో, ఎనిమిదవ తరగతి బాలుడొకడు కూర్చున్నాడని అనుకొందము. చెవులలో ఇయర్‌ఫోను పెట్టుకొని పాట వినుచున్నాడు. గాయకుని గొంతు, వీణ, మృదంగము అన్నియు స్పష్టముగా వినబడుచున్నవి. ఇంతలో బస్సు బయలుదేరినది. ఇంజను హోరెత్తినది, కిటికీ అద్దములు గలగలలాడినవి. గాయకుని గొంతు సన్నగా వినబడుచున్నది గాని, మృదంగము ఎటు పోయినదో తెలియలేదు. బాలుడు ఫోనులో ధ్వనిని పెంచెను. కొంతసేపటికి మరల పెంచెను. దారిలో బస్సు ఆగి ఇంజను నిలిచినపుడు, ప్రక్కన కూర్చున్న పెద్దాయన, "బాబూ, నీ పాట నాకే వినబడుచున్నది. నీ చెవి సంగతి ఏమి?" అని అడిగెను. విశాఖపట్నములో దిగునప్పటికి బాలుని చెవులలో 'గుయ్' మను మోత మిగిలినది.

ఇచ్చట మూడు ప్రశ్నలు పుట్టుచున్నవి. మృదంగము ఎటు పోయినది? ధ్వనిని పెంచకుండ దానిని తిరిగి వినుట సాధ్యమా? ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబేమి?

మొదటి ప్రశ్నను విచారింతము. పగటివేళ ఆకాశమున నక్షత్రములు లేకపోలేదు. సూర్యకాంతిలో అవి మనకు కనబడవు. అట్లే పెద్ద ధ్వని చిన్న ధ్వనిని కప్పివేయును. ఒకే తీరు ధ్వనులలో ఈ కప్పివేయుట మఱింత అధికము. బస్సు ఇంజను హోరులో మంద్రధ్వనులే, అనగా సెకనుకు తక్కువ కంపనములు గల ధ్వనులే, ఎక్కువగా నుండును. మృదంగపు ఎడమవైపు మూత పలుకు గంభీరనాదము, డప్పు మోత కూడ ఆ జాతివే. కావున ముందుగా అవియే మునిగిపోవును. దీనికి తోడు మన చెవికి మంద్రధ్వనులను గ్రహించు శక్తి సహజముగానే తక్కువ. ఫ్లెచర్, మన్సన్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు 1933లో ఈ సంగతిని కొలతలతో నిరూపించిరి. అందుచేత బాలుని ఇయర్‌ఫోను చెడిపోలేదు. హోరు దాని పలుకును కప్పినది.

హెడ్‌ఫోనులు మొదట వీధిలో తిరుగుటకై పుట్టినవి కావు. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రవాసి నతానియల్ బాల్డ్‌విన్ తన వంటయింటిలో హెడ్‌ఫోను తయారుచేసి నౌకాదళమువారికి పంపెను. అది ఒకచోట కూర్చుండి సంకేతములు వినువారికి పనికివచ్చు పరికరము. 1979లో జపాను దేశపు సోనీ సంస్థ వాక్‌మన్ అను చిన్న టేపు యంత్రమును, తేలికైన హెడ్‌ఫోనుతో కలిపి అమ్మసాగినది. అప్పటినుండి పాట మనుష్యునితోపాటు బయటికి నడచినది. వీధి రొద కూడ దానిని వెంబడించినది.

ఇక రెండవ ప్రశ్న. దీనికి జవాబు మీరే ఒక చిన్న ప్రయోగముచే తెలిసికొనవచ్చును. నిశ్శబ్దముగా నున్న గదిలో తక్కువ ధ్వనితో ఒక పాట పెట్టి, ఇయర్‌ఫోనును చెవికి జానెడు దూరములో పట్టుకొనుడు. సన్నని చప్పుడు మాత్రమే వినబడును. దానిని చెవిలో వదులుగా పెట్టుకొనుడు. గొంతు తెలియును గాని మృదంగము పలుచగా నుండును. ఇప్పుడు దానిని సందులేకుండ సరిగా అమర్చుకొనుడు. మృదంగము ఒక్కసారిగా పలుకును! ఫోనులో ధ్వని ఏమాత్రము పెరుగలేదు. అయినను పాట నిండుగా నున్నది.

కారణమేమనగా, ఇయర్‌ఫోనులో కంపించు పొర మిక్కిలి చిన్నది. మంద్రధ్వని పుట్టవలెనన్న గాలిని బలముగా నెట్టవలెను. బయటి విశాలమైన గాలిని నెట్టుటకు ఆ చిన్నపొరకు శక్తి చాలదు. కాని చెవి రంధ్రమునుండి కర్ణభేరి వరకు గల మార్గము సుమారు 25 మిల్లీమీటర్ల పొడవే. దానిని సందులేకుండ మూసినయెడల అందున్న కొద్దిపాటి గాలిని ఆ పొర చక్కగా నొక్కగలదు. సందున్నచో ఆ ఒత్తిడి, చిల్లిపడిన సైకిలు ట్యూబులోని గాలివలె, బయటికి పోవును. అంతే గాక, లోపలి పాట బయటికి పోవు సందునుండియే బయటి హోరు లోపలికి వచ్చును. ఒక్క సందును మూసినచో రెండు లాభములు కలుగును.

కావున బయట మంచి ధ్వని వినగోరువారు మొదట చూడవలసినది ఇయర్‌ఫోను ధర గాదు, అమరిక. చాల ఇయర్‌ఫోనులతో చిన్న, మధ్య, పెద్ద పరిమాణములలో మెత్తని రబ్బరు తొడుగులు ఇత్తురు. అనేకులు మొదట బిగించియున్న తొడుగునే వాడి, తక్కినవానిని డబ్బాలో వదలివేయుదురు. అట్లు గాక అన్నిటిని పెట్టి చూడవలెను. ఒకే మనిషి కుడిచెవికి, ఎడమచెవికి వేఱు పరిమాణములు అవసరము కావచ్చును. ఒక చేతితో చెవిని కొంచెము పైకి, వెనుకకు లాగి పట్టుకొని, మఱియొక చేతితో తొడుగును మెల్లగా అమర్చుకొనవలెను. బలముగా లోపలికి దోయరాదు. అమరిక సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు పాట ఆపి, నోరు మూసికొని 'మ్' అని పలుకుడు. మీ గొంతు తలలోపల మ్రోగినట్లు వినబడినచో సందు లేదన్నమాట. చెవులను పూర్తిగా కప్పు పెద్ద హెడ్‌ఫోనులకును ఇదే సూత్రము వర్తించును. కళ్ళజోడు కాడలు, జుట్టు, టోపీ అంచు వాని మెత్తల క్రింద ఇరుకుకొన్నచో అచ్చటనే సందు ఏర్పడును.

హోరును మూసివేయుట ఒక ఉపాయము. హోరునకు ఎదురుహోరును పుట్టించుట మఱియొక ఉపాయము. చెఱువులో ఒక అల శిఖరము, మఱియొక అల పల్లము ఒకేచోట కలిసినచో నీరు చదునగును. ధ్వనితరంగములును అంతే. జర్మనీ దేశస్థుడైన పౌల్ లూగ్ ఈ ఆలోచనపై 1936లో అమెరికాలో పేటెంటు పొందెను. దీనిని హెడ్‌ఫోనులలోనికి తెచ్చుటకు పాటుపడినవారిలో అమర్ బోస్ ముఖ్యుడు. ఆయన తండ్రి బెంగాలు దేశమునుండి అమెరికాకు వెళ్ళిన స్వాతంత్ర్య పోరాటయోధుడు. 1978లో జ్యూరిచ్ నగరమునుండి విమానములో తిరిగివచ్చుచు అమర్ బోస్ హెడ్‌ఫోను పెట్టుకొనగా, విమానపు హోరులో సంగీతము సరిగా వినబడలేదు. మన బాలుడు ధ్వనిని పెంచెను. ఆయన కాగితము తీసి లెక్కలు వేయనారంభించెను. 1989లో ఆయన సంస్థ విమానచోదకులకై హోరును తగ్గించు హెడ్‌ఫోనులను విక్రయించెను. నేడు అట్టి ఏర్పాటు చిన్న ఇయర్‌ఫోనులలో సైతము ఉన్నది. వానియందలి మైక్రోఫోనులు బయటి ధ్వనిని వినగా, లోపలి యంత్రము దానికి సరిగా ఎదురైన తరంగమును పుట్టించును.

అయితే దీనికిని హద్దు కలదు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. సెకనుకు 100 కంపనములు గల ఇంజను హోరు తరంగము 3.4 మీటర్ల పొడవుండును. అట్టి పొడవైన, నిలుకడగల తరంగమునకు ఎదురుతరంగమును అమర్చుట సులభము. 3,400 కంపనములు గల ధ్వని తరంగము 10 సెంటీమీటర్లు మాత్రమే. దానితో సరిగా జతకూర్చుట కష్టము. కావున ఈ పరికరము ఇంజను హోరును బాగుగా అణచును. మాటలను, గిన్నెల చప్పుడును, ఆకస్మికముగా మ్రోగు హారనును అంతగా అణచలేదు. ఆ పని మఱల మంచి అమరికయే చేయవలెను.

మఱికొన్ని చిన్న జాగ్రత్తలు గలవు. ముందుభాగమున ఇంజను గల బస్సులో డ్రైవరు ప్రక్క సీటుకన్న నడిమి సీటు మేలు. తీగ గల ఇయర్‌ఫోనైనచో ఆ తీగ చొక్కాకు ఒరసికొని గరగర శబ్దము చేయును. దానిని చెవిపైనుండి వెనుకకు త్రిప్పి పెట్టుకొన్నచో ఆ శబ్దము తగ్గును. ఇయర్‌ఫోను మూతిపైని సన్నని జాలిలో గులిమి పేరుకొన్నచో ధ్వని మందగించును. ఒక చెవిలో తక్కువగా వినబడినపుడు పరికరమును నిందింపక, పొడిగానున్న మెత్తని బ్రష్షుతో ఆ జాలిని తుడిచి చూడవలెను. ఒకరి ఇయర్‌ఫోనును మఱియొకరు వాడుట ఆరోగ్యమునకు మంచిది కాదు. మంద్రధ్వని చాలనిచో ఫోనులోని ఈక్వలైజరులో దానిని మితిమీరి పెంచక, తక్కినవానిని కొంచెము తగ్గించుట మేలు; పాట చీలిపోకుండ నుండును.

ఇక మూడవ ప్రశ్న, పెద్దాయన అడిగినది. ఇదియే అన్నిటికన్న ముఖ్యమైనది. మన చెవి లోపల నత్తగుల్లవలె చుట్టుకొన్న కోక్లియా అను భాగమున్నది. ఒక్కొక్క చెవిలో దానియందు సుమారు పదునైదువేల సూక్ష్మమైన రోమకణములు గలవు. అవియే ధ్వనికంపనములను గ్రహించి మెదడునకు తెలుపును. అధికధ్వనికి అవి అలసిపోవును. పలుమారు అట్లే జరిగినచో నశించును. పొలములో కోసిన పైరు మరల మొలచునేమో గాని, మనుష్యుని చెవిలో నశించిన రోమకణము మరల పుట్టదు. బాలుని చెవులలోని 'గుయ్' మను మోత ఆ కణములు పడిన కష్టమునకు గుర్తు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనికి ఒక లెక్క ఏర్పరచినది. పెద్దలు 80 డెసిబెల్ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. పిల్లలకు ఆ హద్దు 75 డెసిబెల్లు. ధ్వని 3 డెసిబెల్లు పెరిగినపుడెల్ల దాని శక్తి రెట్టింపగును గనుక, వినదగిన కాలము సగమగును. అనగా పిల్లలు 78 డెసిబెల్లను 20 గంటలు, 81ని 10 గంటలు, 84ను 5 గంటలు, 87ను రెండున్నర గంటలు మాత్రమే వారమంతటిలో వినవచ్చును. హోరును జయింపవలెనని బాలుడు ధ్వనిని 87 డెసిబెల్లకు పెంచినాడనుకొనుడు. నర్సీపట్నమునుండి విశాఖపట్నము చేరునంతలో ఒక వారమునకు చాలిన ధ్వని దాదాపుగా ముగిసిపోవును. ఇంకను తిరుగు ప్రయాణమున్నది!

కావున బస్సు ఎక్కకముందే, నిశ్శబ్దముగానున్న చోట, ధ్వనిని ఫోనులోని గరిష్ఠపరిమితిలో నూటికి అరువదికి మించకుండ నిర్ణయించుకొనుడు. హోరు వచ్చినపుడు మీట నొక్కక, అమరికను సరిచూచుకొనుడు. అప్పటికిని పాట వినబడనిచో కొంతసేపు ఆపివేయుడు. చెవులలో మోత మఱునాటికిని తగ్గనిచో తల్లిదండ్రులకు చెప్పి వైద్యునికి చూపవలెను.

ఇంతవరకు చెప్పినది బస్సులో కూర్చున్నవారికే. రోడ్డుపై నడచునపుడు, సైకిలు త్రొక్కునపుడు, పట్టాలు దాటునపుడు చెవులు మూసికొని యుండరాదు. పాటను నిండుగా వినిపించిన ఆ అమరికయే వెనుకనుండి వచ్చు లారీ హారనును వినబడనీయదు. అట్టిచోట ఇయర్‌ఫోను తీసి జేబులో వేసికొనుటయే వివేకము.

ఆ బాలుడు తిరుగు ప్రయాణములో పెద్ద తొడుగు మార్చి, ధ్వనిని తగ్గించి, మధ్య సీటులో కూర్చుండెననుకొందము. ఉదయము పోయిన మృదంగము సాయంకాలము తిరిగి వినబడును. నర్సీపట్నములో దిగి ఇయర్‌ఫోను తీసినపుడు అతని చెవులలో ఏ మోతయు ఉండదు. "వచ్చితివా నాయనా" అని తల్లి వీధి గుమ్మమునుండి మెల్లగా పలుకరించినను స్పష్టముగా వినబడును.