పాత వస్తువు చెప్పినట్టు లేకపోతే ఏం చేయాలి?

సంతలో ఎద్దును కొనేవాడు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు, మెడమీద కాడి కాయ ఎట్లా ఉందో తడిమి చూస్తాడు. అంతా అయిన తరువాతనే బేరం. ఆన్‌లైన్‌లో పాత వస్తువు కొనేవారికి ఈ పరీక్షలలో ఒక్కటీ దక్కదు. అక్కడ ఉండేవి నాలుగు ఫోటోలు, ఐదారు పంక్తుల వర్ణన మాత్రమే. డబ్బు కట్టిన తరువాత వస్తువు ఇంటికి వస్తుంది. వచ్చినది చెప్పినదానికి భిన్నంగా ఉంటే తగాదా మొదలవుతుంది. మన గ్రామాలలో ఆ తగాదా చాలాసార్లు అవతలివాడు ఫోను ఎత్తకపోవడంతోనే ముగిసిపోతున్నది. అట్లా ముగియవలసిన అవసరం లేదు. సిరుగుప్ప కుటుంబం హైదరాబాదు విక్రేత వద్ద కొన్నా, పర్లాకిమిడి వారు విశాఖపట్నం నుంచి తెప్పించుకున్నా, రాష్ట్రం హద్దు దాటినంత మాత్రాన హక్కు పోదు.

మొదట చట్టం ఏమంటున్నదో చూద్దాం. 'కొనేవాడే చూసుకోవాలి' అనే పాత సూత్రం మన దేశంలో 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోని 16వ సెక్షన్‌లో ఉన్న మాట నిజమే. అయితే దానికి ముందున్న 15వ సెక్షన్‌ను చాలామంది గమనించరు. వర్ణన ఆధారంగా వస్తువును అమ్మినప్పుడు, ఆ వస్తువు వర్ణనకు సరిపోవాలన్న షరతు ఆ అమ్మకంలోనే ఇమిడి ఉంటుందని ఆ సెక్షన్ చెబుతుంది. కాగితం మీద విడిగా రాసుకోనక్కరలేదు. చూడకుండా కొన్నవారికి, వస్తువు చేరిన తరువాత పరీక్షించుకోవడానికి తగినంత అవకాశం దొరికే వరకు, దానిని అంగీకరించినట్టు కాదని 41వ సెక్షన్ భావం. ఆ వెంటనే 42వ సెక్షన్ ఒక హెచ్చరిక చేస్తుంది. తగిన సమయం గడిచినా, వద్దని తెలియజేయకుండా వస్తువును ఉంచుకుంటే అంగీకరించినట్టే లెక్క. పాత వస్తువుల తగాదాలలో ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. వచ్చే పండుగకు బంధువుల అబ్బాయి వచ్చి చూస్తాడులే అని పెట్టెను అటక మీద పెట్టినవారు, నెల తరువాత ఫిర్యాదు చేస్తే అవతలివారు మొదట వేసే ప్రశ్న, ఇన్నాళ్లూ ఏం చేశారన్నదే.

వర్ణన అంటే ఏది? ఇక్కడ భాషను కొంచెం జాగ్రత్తగా చదవాలి. పిల్లలకు వ్యాకరణం చెప్పేవారికి ఈ పని కొంత అలవాటే. 'కండిషన్ చాలా బాగుంది', 'షోరూం పీసులా ఉంది', 'చూస్తే వదలరు' వంటివి వర్ణనలు కావు, పొగడ్తలు. కన్నడంలో 'చెన్నాగిదె' అన్నా, తమిళంలో 'నల్ల కండిషన్' అన్నా అంతే. వీటిని పట్టుకొని వాదిస్తే నిలబడడం కష్టం. 'ఎనిమిది జీబీ ర్యామ్', '2021 మోడల్', 'ఒక్కరే వాడారు', 'స్క్రీన్ ఎప్పుడూ మార్చలేదు', 'బిల్లు, చార్జరు ఉన్నాయి' అన్నవి మాత్రం వర్ణనలు. నిజమో అబద్ధమో తేల్చి చూపగల మాటలు ఇవి. కనుక కొనేముందు పొగడ్తను వర్ణనగా మార్పించుకోవడం అవసరం. బ్యాటరీ బాగుందని విక్రేత అంటే, ఎన్ని గంటలు వస్తుందని సందేశంలోనే అడగండి. సమాధానం ఫోనులో నోటిమాటగా చెబితే, 'మీరు నాలుగు గంటలు వస్తుందని చెప్పారు, అందుకే డబ్బు పంపుతున్నాను' అని తిరిగి రాయండి. ఆ ఒక్క వాక్యం రేపు కాగితం అవుతుంది.

డిగ్రీ చదివే కూతురి కోసం ఒక కుటుంబం 18,000 రూపాయలు పెట్టి పాత ల్యాప్‌టాప్ తెప్పించుకున్నదనుకుందాం. ఎనిమిది జీబీ అన్నారు, నాలుగే ఉంది. మడత దగ్గర విరిగిన చోట జిగురు అంటించి ఉంది. ఇలాంటప్పుడు ముందుగా తెలుసుకోవలసినది, అమ్మినవారు ఎవరన్నది. దారి అంతా దాని మీదనే ఆధారపడి ఉంటుంది. పాత వస్తువులను సరిచేసి అమ్మడమే వృత్తిగా ఉన్న దుకాణమో సంస్థో అయితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు వర్తిస్తాయి. ఏదో ఊరిలోని ఒక విద్యార్థి తన సొంత ల్యాప్‌టాప్‌ను ఒక్కసారి అమ్ముకుంటే, ఆ అమ్మకానికి ఈ-కామర్స్ నియమాలు వర్తించవు. క్రమం తప్పని వ్యాపారంగా కాక వ్యక్తిగత హోదాలో చేసే లావాదేవీలను ఆ నియమాలే మినహాయించాయి. అప్పుడు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా, అతడు వ్యాపారి కాడన్న అభ్యంతరం ఎదురుకావచ్చు. ఒకే పేరుతో పది ఫోన్లు, ఐదు ల్యాప్‌టాపులు అమ్మకానికి పెట్టి 'నా సొంతది' అని చెప్పేవాడు మాత్రం వ్యాపారియే. అతని మిగిలిన ప్రకటనలను కూడా ఫోటో తీసి ఉంచుకోవాలి.

వస్తువు వచ్చిన రోజున చేయవలసిన పనులు పెద్ద కష్టమైనవి కావు. పెట్టె విప్పే ముందు నుంచే వీడియో తీయించండి. పెట్టె మీది చిరునామా చీటీ, సీలు కనిపించాలి. ఆన్ చేసి, ప్రకటనలో చెప్పిన ఒక్కొక్క అంశాన్నీ సరిచూడండి. తేడా కనిపించిన చోట దగ్గరగా ఫోటో తీయండి. ఫోను అయితే *#06# నొక్కి ఐఎంఈఐ సంఖ్య చూసి, కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో సరిచూసుకుంటే అది దొంగిలించినదిగా నమోదై ఉందా అన్నది బయటపడుతుంది. (ఈ పరీక్షను నిజానికి డబ్బు ఇచ్చే ముందే చేయాలి, సంఖ్య చెప్పడానికి వెనుకాడేవాని వద్ద కొనకపోవడమే మంచిది.) అసలు ప్రకటనను వెంటనే స్క్రీన్‌షాట్ తీసుకోండి, తగాదా మొదలైన మరునాడు అది కనిపించకపోవచ్చు. సంభాషణలున్న ఫోనును అమ్మేయకండి, మార్చుకోకండి. ఎలక్ట్రానిక్ ఆధారాలను న్యాయస్థానంలో దాఖలు చేసేటప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం అడుగుతారు. మూలం ఉన్న ఫోను చేతిలో ఉంటే ఆ పని సులువు.

తరువాత, అదే రోజునో మరునాడో, వద్దన్న సంగతిని రాతలో తెలియజేయాలి. కోపం వద్దు. ఏమి చెప్పారు, ఏమి వచ్చింది, ఏమి కోరుతున్నాము, ఎన్ని రోజులలో, ఈ నాలుగు మాటలు చాలు. వద్దని తెలియజేసిన తరువాత వస్తువును తిరిగి పంపే బాధ్యత, వేరే ఒప్పందం లేకపోతే, కొనుగోలుదారుని మీద లేదని 43వ సెక్షన్ చెబుతుంది. అంటే 'ముందు మీ ఖర్చుతో పంపండి, తరువాత చూద్దాం' అనే విక్రేతకు లొంగవలసిన పని లేదు. వస్తువును మాత్రం వాడకుండా భద్రంగా ఉంచాలి. వాడుతూనే వద్దనడం కుదరదు.

వస్తువును ఒక వేదిక ద్వారా కొని ఉంటే ఆ వేదికకు చెప్పుకోవాలి. ప్రతి ఈ-కామర్స్ సంస్థకు ఫిర్యాదుల అధికారి ఉండాలని, ఫిర్యాదు అందినట్టు 48 గంటలలో తెలియజేసి ఒక నెలలో పరిష్కరించాలని 2020 నియమాలు నిర్దేశిస్తున్నాయి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును తిరిగి తీసుకోవడానికి అక్కడి వ్యాపార విక్రేత నిరాకరించరాదు. విక్రేత చిరునామా తెలియదని దిగులు పడనక్కరలేదు. కొనుగోలు తరువాత రాతపూర్వకంగా అడిగితే ఆ వివరాలను వేదిక ఇవ్వాలి. ఇవన్నీ వేదికలోనే డబ్బు చెల్లించిన వారికి బాగా ఉపయోగపడతాయి. మన దేశంలో మొదటితరం ఆన్‌లైన్ వేలం వేదిక బాజీ డాట్ కామ్‌ను 2004లో ఈబే కొన్నది. అక్కడ పైసాపే అనే చెల్లింపు పద్ధతి ఉండేది. డబ్బు నేరుగా విక్రేత చేతికి పోకుండా మధ్యలో ఒకరి ద్వారా నడిచేది. ఈబే ఇండియా 2018లో మూతపడింది గాని, ఆ పద్ధతిలోని తెలివి పాతబడలేదు. రుసుము మిగులుతుందని ఆశపెట్టి, 'వేదిక వద్దు, నేరుగా నా నంబరుకు పంపండి' అనే విక్రేత మిమ్మల్ని ఆ కాపు నుంచి బయటికి లాగుతున్నాడన్నమాట.

వేదిక పలకకపోతే 1915కు ఫోను చేయవచ్చు. ఇది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ భాషలన్నిటిలోనూ మాట్లాడతారు. ఈ కేంద్రం తీర్పు చెప్పదు, సంస్థకు ఫిర్యాదు పంపి రాజీకి ప్రయత్నిస్తుంది. చిన్న మొత్తాలకు చాలాసార్లు ఇదే చాలు.

అక్కడా కుదరకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. సరిహద్దు కుటుంబాలకు అన్నిటికంటె ముఖ్యమైన మార్పు ఇక్కడ ఉంది. 1986 నాటి పాత చట్టం ప్రకారం ప్రతివాది ఉన్న చోటనో, వివాదానికి కారణం పుట్టిన చోటనో ఫిర్యాదు చేయవలసి వచ్చేది. బళ్లారి మనిషి హైదరాబాదు విక్రేత మీద ఫిర్యాదు చేస్తే, ఏ ఊరిలో చేయాలన్న వాదనతోనే కాలం గడిచే అవకాశం ఉండేది. 2020 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త చట్టం 34వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదుదారుడు తాను నివసించే జిల్లాలోనే, లేదా పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. విక్రేత ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. హోసూరు వారు తమ కృష్ణగిరి జిల్లాలోను, దెగ్లూరు వారు తమ నాందేడ్ జిల్లాలోను వేయవచ్చునన్నమాట. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలలోపు ఉంటే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. వివాదం పుట్టిన రెండేళ్లలోగా దాఖలు చేయాలి. 2025 జనవరిలో మొదలైన ఈ-జాగృతి ద్వారా ఇంటి నుంచే దాఖలు చేసే వీలుంది, కోరితే వీడియో ద్వారా విచారణకు హాజరు కావచ్చు. పుదుచ్చేరి దూరమెంతో తెలిసిన యానాం వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలలలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో ఇంకా ఎక్కువ కాలమే పడుతుందనుకొని సిద్ధపడడం మేలు. ఇంకొక మాట: తెలుగులో జరిగిన సంభాషణలకు ఆ రాష్ట్ర భాషలోనో ఆంగ్లంలోనో అనువాదం జతచేయండి. ఊళ్లో రెండు భాషలూ చదివిన పిల్లలు లేని ఇల్లు ఇప్పుడు అరుదు.

వ్యక్తి వద్ద కొన్నవారికి సివిల్ కోర్టు ఉన్నది. కాని 18,000 రూపాయల కోసం ఆ మెట్లెక్కమని సలహా ఇవ్వడానికి మనసు ఒప్పదు. దానికి ముందు తాలూకా న్యాయసేవా కమిటీకి ఒక అర్జీ ఇవ్వండి. కేసు వేయకముందే తగాదాను లోక్ అదాలత్‌కు పంపే వీలుంది. ఖర్చు లేదు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అవతలివారు రాకపోతే రాజీ లేదు. అయినా న్యాయసేవా కమిటీ నోటీసు అందిన తరువాత మాట మెత్తబడేవారు ఉంటారు. కోర్టుకే వెళ్లవలసి వస్తే స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉన్నది.

పోలీసుల దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి? వర్ణనలో తేడా ఉన్న ప్రతిసారీ కాదు. డబ్బు తీసుకొని రాయి పంపినా, దొంగ పేరుతో అమ్మి మాయమైనా అది మోసం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కిందికి వస్తుంది. అప్పుడు ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి. డబ్బు ఇంకా ఖాతాలో ఉంటే నిలిపివేయించే అవకాశం ఆ మొదటి గంటలలోనే ఎక్కువ. నేరం మా సరిహద్దులో జరగలేదని స్టేషను వారు పంపివేయరాదు; ఎక్కడ జరిగిన నేరమైనా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చునని కొత్త నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతున్నది.

ఇక వేలం సంగతి. అప్పు కట్టని వారి వద్ద స్వాధీనం చేసుకున్న ట్రాక్టర్లు, బండ్లు ఇప్పుడు ఆన్‌లైన్ వేలంలో అమ్ముడుపోతున్నాయి. ధర తక్కువని మన రైతులు అటు చూస్తున్నారు. ఆ షరతులలో దాదాపు ఎప్పుడూ కనిపించే మాట, 'ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటనే'. చండీగఢ్ స్థలాల వేలం కేసులో 2009లో సుప్రీంకోర్టు, అట్లా ఉన్నది ఉన్నట్టుగా స్థలాన్ని వేలంలో పాడుకున్నవారు వినియోగదారులు కారని తీర్పు చెప్పింది. అది స్థలాల గురించి చెప్పిన తీర్పే అయినా, వేలం నిర్వాహకులు ట్రాక్టరు విషయంలోనూ ఆ వాదన తేవచ్చు. ఉన్నది ఉన్నట్టు అన్న మాట టైరు అరుగుదలను, ఇంజను నీరసాన్ని కప్పుతుంది. 2014 బండిని 2018 బండి అని చెప్పిన అబద్ధాన్ని కప్పదు. అబద్ధపు మాట నమ్మి చేసుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 1872 నాటి ఒప్పందాల చట్టం 19వ సెక్షన్‌లో ఉన్నది. అయితే తెలియక చెప్పిన తప్పుమాట విషయంలోను, మౌనంగా దాచిన విషయంలోను, మామూలు శ్రద్ధతో తెలుసుకోగలిగి ఉండి కూడా తెలుసుకోకపోతే ఆ హక్కు దక్కదు. పరిశీలనకు తేదీలు ఇచ్చినప్పుడు యార్డుకు ఒక మెకానిక్‌ను తీసుకొని వెళ్లిరావడం ఎందుకు ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. విక్రేత తానే రహస్యంగా పాట పెంచితే, ఆ హక్కు ముందే ప్రకటించి ఉండకపోతే, దానిని మోసంగా పరిగణించవచ్చునని సరుకుల విక్రయ చట్టం 64వ సెక్షన్.

రాష్ట్రం దాటి వచ్చే బండికి కాగితాలు కూడా వర్ణనలో భాగమే. 'కాగితాలు క్లియర్' అన్నవానిని ఏ కాగితాలని అడగాలి. విక్రేత సంతకం చేసిన 29వ ఫారం, బదిలీకి 30వ ఫారం, పాత ఆర్‌టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం అనగా 28వ ఫారం, ఫైనాన్స్ తీరి ఉంటే దాని నమోదు తొలగించే 35వ ఫారం. వేరే రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి మన రాష్ట్రంలో ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. చవకగా దొరికిందనుకున్న బండి ధరలో ఈ మొత్తాన్ని ముందే కలిపి చూసుకోవాలి. అమ్మేవారికి కూడా ఇందులో భయం ఉన్నది. పేరు మారని బండి ప్రమాదం చేస్తే, ఆర్‌సీలో పేరున్న వ్యక్తే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక నిరభ్యంతర పత్రం చేతికి వచ్చే వరకు ధరలో కొంత భాగం ఆపి ఉంచుతామని కొనేవారు అడగడంలో తప్పు లేదు. ఎంత ఆపారో, ఏ తేదీలోగా పత్రం తెచ్చి ఇవ్వాలో అమ్మకపు రసీదు మీదనే రాసుకొని ఇద్దరూ సంతకాలు చేయాలి.