తెల్ల రాడ్లన్నీ ఒకటి కాదు!

పాత బండిలో ఓ చిన్న బుష్ అరిగిపోతుంది. కొత్తది దొరకదు. ఇంట్లోనే లేత్ మీద చేసుకుందామంటే ముందు అందుకు తగ్గ ప్లాస్టిక్ కావాలి. దాన్ని ఎక్కడ వెతకాలి... ఎలా గుర్తుపట్టాలి?

నాన్న ముచ్చటపడి కొన్న అంబాసిడర్. ఇంజిన్ భేషుగ్గా ఉంది. రంగూ నిగనిగలాడుతోంది. కానీ చినుకు పడితే చాలు... వైపర్ ఓ పక్కకి వెళ్లి అక్కడే ఆగిపోతోంది. విప్పి చూస్తే, లోపల కడ్డీలు కలిసేచోట బొటనవేలి గోరంత బుష్ అరిగి ఉంటుంది. కొత్తది కొందామంటే ఆ కారు తయారీయే 2014లో ఆగిపోయింది. యెజ్డీ సంగతీ అంతే. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2022లో ఆ పేరుతో బైకులు మళ్లీ వచ్చినా ఆ బండి వేరు, ఈ బండి వేరు.

‘ఇంత చిన్న ముక్క కోసం బండిని మూలన పెట్టేస్తామా’ అనుకునేవాళ్లు కొందరు ఇంట్లోనే బల్లమీద పట్టే లేత్ మిషన్ పెట్టుకుని, సెలవురోజున బుష్‌లూ వాషర్లూ నాబ్‌లూ సొంతంగా చేసుకుంటున్నారు. వాళ్లని అడిగితే చెప్పేదొకటే- మిషన్ పని నేర్చుకోవచ్చు, సరైన ముక్క తెచ్చుకోవడమే అసలు పని!

వేసవిలో ఓకే... వానల్లో?

షాపులో నాలుగు తెల్ల రాడ్లు పక్కపక్కన నిలబెడితే నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. కానీ ఒకటి నైలాన్, ఇంకొకటి డెల్రిన్, మరొకటి టెఫ్లాన్, నాలుగోది పాలిథిలీన్. మొదటి మూడింటికీ పుట్టిల్లు ఒకటే... అమెరికాకి చెందిన డ్యూపాంట్ కంపెనీ. నైలాన్‌ని 1935లో కనిపెట్టారు. 1938లో రాయ్ ప్లంకెట్ వేరే ప్రయోగం చేస్తుంటే అనుకోకుండా టెఫ్లాన్ బయటపడింది. డెల్రిన్ 1960లో మార్కెట్‌కి వచ్చింది. పుట్టిల్లు ఒకటైనా గుణాలు మాత్రం వేర్వేరు.

నైలాన్ గట్టిది, దెబ్బకి ఓర్చుకుంటుంది. కాకపోతే గాల్లోని తేమని పీల్చుకుని ఉబ్బుతుంది. మే నెల ఎండల్లో కొలిచి చక్కగా బిగించిన బుష్, ఆగస్టు వానలకి ఉబ్బి ఇరుసుని పట్టేస్తుంది. అంటే వైపర్ అవసరమైన రోజునే మొరాయిస్తుందన్నమాట! డెల్రిన్ పీల్చే తేమ చాలా తక్కువ. అందుకే కొలత మారకూడని బుష్‌లకీ చిన్న పళ్ల చక్రాలకీ అదే నయం. టెఫ్లాన్ జారుడుకి పెట్టింది పేరు. అయితే మెత్తన, బరువు పడితే అణిగిపోతుంది. పాలిథిలీన్ చవక. మధ్యలో పెట్టే బిళ్లలకీ వాషర్లకీ చాలు.

ఎక్కడ దొరుకుతుంది?

సికింద్రాబాద్‌లో అయితే ఇంజినీరింగ్ సామగ్రి అమ్మే రాణిగంజ్ వైపు వెళ్లాలి. బాలానగర్, జీడిమెట్లలాంటి పారిశ్రామికవాడలూ, విజయవాడ, విశాఖల్లోని ఆటోనగర్‌లూ వెతకదగ్గ చోట్లే. మనకి కావాల్సింది జానెడు ముక్క. దానికోసం నిలువెత్తు రాడ్ కొనక్కర్లేదు. ‘కట్ పీసులు ఉన్నాయా’ అని అడగండి. పెద్ద లేత్ వర్క్‌షాపుల్లోనూ పనికిరావని పక్కన పడేసిన చివరి ముక్కలుంటాయి. వాటిలో మన బుష్‌లు పది తయారవుతాయి. ఇక, వంటింట్లో కూరగాయలు తరిగే తెల్లటి ప్లాస్టిక్ పలక చాలావరకూ పాలిథిలీనే. పాతబడితే అమ్మనడిగి తీసుకోండి... అడక్కుండా మాత్రం వద్దు!

కిలో లెక్కన అమ్మేచోట ఓ మాట గుర్తుంచుకోవాలి. అదే పొడవు, అదే మందం ఉన్నా టెఫ్లాన్ ముక్క నైలాన్‌కన్నా దాదాపు రెట్టింపు తూగుతుంది. కాబట్టి కిలో ధర కాదు, ముక్క ధర అడగాలి.

నీళ్ల గ్లాసు... కాటా

షాపువాళ్లు చెప్పింది నిజమో కాదో తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. చిన్న ముక్క కోసి గ్లాసుడు నీళ్లలో వేయండి. అంటుకున్న గాలి బుడగల్ని వేలితో తుడిచేయండి. తేలితే పాలిథిలీన్ లేదా పాలీప్రొపిలీన్. మునిగితే మిగతావాటిలో ఒకటి. అప్పుడు కాటా మీద పెట్టాలి. 50 మి.మీ. మందం, 100 మి.మీ. పొడవు ఉన్న గుండ్రటి ముక్క పాలిథిలీన్ అయితే 190 గ్రాముల లోపు తూగుతుంది. నైలాన్ సుమారు 225, డెల్రిన్ సుమారు 280, టెఫ్లాన్ 420 గ్రాముల పైనే ఉంటుంది. పీవీసీ బరువు డెల్రిన్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి బూడిదరంగు రాడ్ అయితే మరోసారి అడగండి. గాజుపీచులాంటివి కలిపిన రకాలకి మాత్రం ఈ లెక్క వర్తించదు.

కొందరు ముక్కని కాల్చి, వాసన చూసి చెబుతారు. ఆ పని ఇంట్లో వద్దే వద్దు. కాలితే డెల్రిన్ నుంచి ఫార్మాల్డిహైడ్, పీవీసీ నుంచి ఆమ్లపు ఆవిరి వస్తాయి. టెఫ్లాన్ పొగ మరీ ప్రమాదం.

బిగించే ముందు

* పనిముట్టు పదునుగా ఉండాలి. ప్లాస్టిక్ వేడిని త్వరగా వదలదు. మొద్దు పనిముట్టు పెడితే కోత పడదు, కరుగుతుంది. చల్లారాకే కొలవండి.

* పొట్టు పొడవాటి పీచులా చక్‌కి చుట్టుకుంటుంది. మిషన్ ఆపాకే తీయాలి. చేతికి గ్లౌజులు, వదులు చొక్కా, మెడలో గొలుసు ఉండకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి.

* నైలాన్ బుష్ అయితే ఉబ్బడానికి కాస్త ఖాళీ వదలండి.

* బ్రేకులు, స్టీరింగ్, చక్రాల ఇరుసుల జోలికి పోవద్దు. సైలెన్సర్ పక్కన ఈ ప్లాస్టిక్‌లేవీ పనికిరావు. వైపర్, కిటికీ అద్దం దించే చక్రం, సీటు కీలు, స్విచ్ నాబ్... ఇంటి పనితనం అంతవరకే.

చేతిలో తిరిగే చిన్న తెల్ల ముక్కే. కానీ అది ఏ తెల్లదో తెలిసి చేసినవాళ్ల కారుకి ఆగస్టు వానలోనూ అద్దం తుడుచుకుంటుంది. నాన్న ముందు సీట్లో కూర్చుని ‘పర్లేదే’ అంటే... సెలవురోజు పడ్డ శ్రమంతా మర్చిపోవచ్చు!