పత్రికా ప్రకటనల భాండాగారంలో అన్వేషణ: తెలుగుకు తగిన ఏర్పాట్లు

గడువు సమీపించిన వేళ పాత్రికేయుడు ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని అన్వేషణ పెట్టెలో ఒక మాట టైపు చేయగా "ఫలితాలు లేవు" అని వచ్చినచో, అటువంటి ప్రకటనే వెలువడలేదని భావించే ప్రమాదమున్నది. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు సిద్ధపరచే అధికారి సైతం అదే తెరను చూసి "రికార్డు లభ్యం కాలేదు" అని వ్రాయవచ్చును. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ రికార్డులను వర్గీకరించి, సూచికలతో భద్రపరచవలసిందిగా నిర్దేశించుచున్నది. కనుక అన్వేషణ పత్రం రూపకల్పనను కేవలం సాంకేతిక సిబ్బందికి వదలివేయదగదు.

మొదటి చిక్కు లిపిది. యూనికోడ్ వాడుకలోకి రాకపూర్వపు ఫాంట్లలో తయారైన ప్రకటనలు తెరపై తెలుగుగా కనిపించినప్పటికీ, కంప్యూటరు లోపల అవి ఆంగ్లాక్షరాల, గుర్తుల వరుసలు మాత్రమే. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులను చేతితో సరిచూడవలెను. స్కాన్ చేసిన ప్రతులలో అక్షరాలే ఉండవు, బొమ్మ మాత్రమే ఉండును. వాటికి శీర్షిక, తేదీ, శాఖ, జిల్లా వివరాలను టైపు చేసి జతపరచుట తక్షణ మార్గం.

యూనికోడ్‌లోనూ తేడాలు కలవు. ఐత్వాన్ని ఒకే సంకేతంగా గాని, రెండు సంకేతాల కలయికగా గాని నమోదు చేయవచ్చును. కంటికి రెండూ ఒక్కటే. "రాజ్‌భవన్" అను మాటలో జకార పొల్లు తరువాత కంటికి కనిపించని విభాజక సంకేతముండును. కొందరు దానిని టైపు చేయరు. సూచికలోను, ప్రశ్నలోను ఈ రూపాలను ఏకరీతిగా మార్చిన పిదపనే పోల్చవలెను.

అంతకన్న పెద్ద చిక్కు విభక్తులది. "జలాశయం" అని వెదకిన వారికి "జలాశయానికి", "జలాశయాలు" అని ఉన్న ప్రకటనలు కూడ కనిపించవలెను. పూర్తి పదాన్ని మాత్రమే పోల్చు పద్ధతి తెలుగుకు పనికిరాదు. పదాదిని బట్టి వెదకు సౌకర్యమున్నచోట "జలాశయ" అని టైపు చేయుట మేలు. మరీ కుదించినచో చిక్కే. "కర" అన్నంతనే కరవు, కరెంటు, కరపత్రం అన్నీ వచ్చి పడును.

ఊళ్ల పేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నెల్లూరు జిల్లా 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయినది. వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండగా మారినది. 2006 నాటి ప్రకటనలో "వరంగల్ జిల్లా" అని ఉన్న గ్రామం తదుపరి పునర్విభజనలలో ములుగులోనో, జనగామలోనో చేరి ఉండవచ్చును. మూలప్రతిని దిద్దరాదు. నాటి పేరు, నేటి పేరు రెండింటినీ సూచికలో చేర్చినచో చాలును.

అన్వేషణ పత్రంలో మాట, శాఖ, జిల్లా, తేదీల అవధి అను గడులు చాలును. 04-05-2007 అన్నది మే నెలయో ఏప్రిలో తెలియక పొరపాట్లు జరుగును. నెలను అక్షరాలలో చూపుట క్షేమం. ఎంచుకున్న వివరాలు ఫలితాల పుట చిరునామాలోనే ఇమిడి ఉండునట్లు చేసినచో, విలేకరి ఆ చిరునామాను యథాతథంగా డెస్కుకు పంపవచ్చును.

ఫలితాల పుటలో మొత్తం సంఖ్య, ప్రతి ప్రకటన తేదీ, శాఖ, వెదకిన మాట ఉన్న రెండు పంక్తులు కనిపించవలెను. ఏమీ దొరకనప్పుడు "లేవు" అని ఊరకుండక, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు గల ప్రకటనలు సూచికలో చేరినవో, ఏ సంవత్సరాలవి ఇంకను చేరవలసి ఉన్నవో, అసలు ప్రతికై ఏ విభాగాన్ని సంప్రదించవలెనో అక్కడనే తెలుపవలెను.