బాఫ్‌కి వెళ్లే ముందు

సంచిక కమిటీ వాళ్లు ఫోన్ చేసి, ఉద్యోగంలో తెలిసిన విషయం, మనవాళ్లకి పనికొచ్చేది ఏదైనా రాయమన్నారు. వీసాలు, గ్రీన్‌కార్డులు, ఇంటి లోన్ల గురించి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోను. మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం వైపు నుంచి వచ్చిన పిల్లలు ఇప్పుడు పెద్ద పెద్ద కంప్యూటర్ కాన్ఫరెన్సుల్లో కనపడుతున్నారు. చూస్తుంటే కడుపు నిండిపోతుంది. కానీ పగలంతా పేపర్లు విని, సాయంత్రం కాగానే బ్యాడ్జ్ తీసి జేబులో పెట్టుకుని హోటల్‌కి వెళ్లిపోతున్నారు. ఉండాల్సింది అప్పుడే.

సాయంత్రం జరిగే ఆ కూటాలని ప్రోగ్రామ్‌లో ‘బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్’ అని రాస్తారు, అందరూ బాఫ్ అంటారు. ఒకే సమస్యతో కుస్తీ పడుతున్నవాళ్లు ఒక గదిలో చేరి గంటా గంటన్నర మాట్లాడుకుంటారు. పేపర్ అక్కర్లేదు, హోదా అక్కర్లేదు. ఏటా నవంబరులో అమెరికాలో జరిగే సూపర్‌కంప్యూటింగ్ కాన్ఫరెన్సులో ఇవి కొన్ని మధ్యాహ్నం భోజనాల వేళ, కొన్ని సాయంత్రం ఐదుంపావు నుంచి నడుస్తాయి. ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 కంప్యూటర్ల జాబితా గురించి అక్కడ జరిగే చర్చ కూడా బాఫే. 2007లో ఆ కాన్ఫరెన్స్ రీనోలో జరిగినప్పుడు పుణెలో టాటా వాళ్లు నిలబెట్టిన ‘ఏక’ యంత్రం జాబితాలో 4వ స్థానంలో ఉంది. డెబియన్ వాళ్ల డెబ్‌కాన్ఫ్‌లోనూ బాఫ్‌లదే పెద్దపీట. 2023లో అది మన పక్కనే కొచ్చిలో జరిగింది.

ఇంటర్నెట్ నియమాలు రాసే ఐఈటీఎఫ్‌లో మాత్రం బాఫ్ అంటే కాలక్షేపం కాదు. 1986 జనవరిలో శాన్ డియేగోలో 21 మందితో మొదలైన సంస్థ అది. కొత్త వర్కింగ్ గ్రూప్ పెట్టాలా వద్దా అన్నది చాలాసార్లు బాఫ్‌లోనే ఒక కొలిక్కి వస్తుంది. అక్కడ ఓట్లు ఉండవు. ఛైర్ ప్రశ్న అడిగితే ఒప్పుకునేవాళ్లు నోరు మూసుకునే ‘మ్మ్మ్’ అంటారు, తర్వాత ఒప్పుకోనివాళ్లు అంటారు. గొంతులు లెక్కపెట్టడం కాదు, అభ్యంతరం ఎక్కడుందో పసిగట్టడం దాని ఉద్దేశం. బాఫ్ ఎలా నడపాలో థామస్ నార్టెన్ 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5434 అనే ఐఈటీఎఫ్ పత్రంగా రాసిపెట్టాడు. సమస్య ఏమిటో ముందే తేల్చుకుని రండి, చివర్లో గదిని అడగబోయే ప్రశ్నలు ముందే రాసుకోండి, ఉన్న సమయాన్ని స్లైడ్లకి తగలెయ్యకండి అన్నది అందులో సారం. ప్రోగ్రామ్‌లో లేకుండా పక్కన జరిగే ‘బార్ బాఫ్’ల మీద కూడా 2012లో ఒక ఆర్‌ఎఫ్‌సీ వచ్చింది, నంబరు 6771. కొద్దిమందే కూర్చోండి, దాన్ని ఇంకో మీటింగులా చెయ్యకండి అంటుంది. మనవాళ్ల అసోసియేషన్ మీటింగులకి కూడా ఇది పంచిపెట్టాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. దేశమంతా బళ్లకి పలకలు పంపిన ఊరు మన మార్కాపురం. ఆ పలక మీద బలపంతో రాసింది తడిగుడ్డ పెడితే పోతుంది. బాఫ్ గదిలో అన్న మాట అలా పోదు. పేటెంట్ చట్టం దృష్టిలో అది లోకానికి వెల్లడి చేసిన మాట. కంభం కుర్రాడొకడికి ఈ మాట చెబితే నవ్వాడు. “అదేందన్నా, పేపర్ కాదుగా, ఊరికే మాట్లాడిందేగా!” అన్నాడు. చాలామంది అనుకునేది అదే.

నేను గతంలో పనిచేసిన ఒక కంపెనీలో నా పక్క సీటు మనిషి ఇలాగే ఒక బాఫ్‌లో ఉత్సాహపడ్డాడు. ఏ డేటా ముక్కని ఏ సర్వర్ మీద పెట్టాలో తేల్చే కొత్త పద్ధతి అతనిది. ఎవరో గుచ్చి అడిగితే, స్టాండు మీది పెద్ద కాగితం మీద నీలం మార్కర్‌తో మూడు డబ్బాలు, వాటి మధ్య బాణాలు గీసి చూపించాడు. వెనక వరసలో ఒకాయన ఫోన్‌తో ఫొటో తీశాడు. నిర్వాహకులు ఆ ఫొటోతో సహా చర్చ నోట్స్‌ని తేదీ వేసి అందరికీ అందుబాటులో పెట్టారు. కొన్ని నెలలకి కంపెనీ అమెరికాలో పేటెంట్‌కి దరఖాస్తు చేసింది, అక్కడ గండం గడిచింది. యూరప్‌లో పరీక్షాధికారి తిప్పి పంపిన కాగితాల్లో మొట్టమొదటిది ఆ ఫొటోనే. దరఖాస్తు అక్కడితో సరి. అతను చేసిన పనికి అతని బొమ్మే అడ్డం పడింది. ఆ రోజు అతని పక్కన కూర్చున్నవాణ్ని కాబట్టి నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అమెరికాలో ఆవిష్కర్త తానే బయటపెట్టిన తేదీ నుంచి 12 నెలలు గడువుంది. ఆ గడువుని నమ్ముకోవడంలోనూ చిక్కు ఉంది. గదిలో ఇంకొకరు లేచి మీ ఆలోచనకి చిన్న మెరుగు జోడించి చెప్పారనుకోండి, ఆ మెరుగుకి ఆ రక్షణ దొరక్కపోవచ్చు. యూరోపియన్ పేటెంట్ ఒప్పందం 54వ ఆర్టికల్ ప్రకారం దరఖాస్తు తేదీకి ముందు రాతగా కానీ, నోటిమాటగా కానీ, వాడకం వల్ల కానీ జనానికి అందినదంతా పాతదే. వినడానికి ఐదుగురే వచ్చినా, గది తలుపు ఎవరికైనా తెరిచి ఉంటే అది జనం కిందే లెక్క. మన దేశంలో 1970 నాటి పేటెంట్ చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది కానీ అది ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలు, విద్వత్సభలో చదివిన పత్రాల వంటి కొద్దివాటికే. సాయంత్రం కబుర్లని ఆ గొడుగు కిందికి తేవడం కష్టం.

హైదరాబాద్‌లో టీమ్ ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఆవిష్కర్తల్లో ఒక్కరు భారతదేశంలో నివాసముంటున్నా, అదే చట్టం 39వ సెక్షన్ కింద ముందుగా అనుమతి తీసుకోకుండా బయటి దేశంలో దరఖాస్తు వెయ్యకూడదు. లేదా ముందు ఇండియాలో వేసి 6 వారాలు ఆగాలి. కాదని వేస్తే ఇండియా దరఖాస్తు పోవడమే కాదు, శిక్ష కూడా రాసి ఉంది. బాఫ్‌లో నోరు జారాక గాభరాపడి, మర్నాడే అమెరికాలో ప్రొవిజనల్ దరఖాస్తు వేసేద్దామనుకునేవాళ్లు ఇక్కడ రెండోసారి ఇరుక్కుంటారు.

ఐఈటీఎఫ్‌లో సంగతి ఇంకో రకం. ప్రతి సెషన్ మొదట్లో ‘నోట్ వెల్’ అని ఒక స్లైడ్ వేస్తారు. అందరూ కాఫీ కలుపుకునేది అప్పుడే. బాఫ్‌లో మైకు దగ్గర అన్న మాట కూడా సంస్థకి ఇచ్చిన సహకారం కిందికే వస్తుందని, ఆ విషయం మీద మీకు గానీ మీ కంపెనీకి గానీ పేటెంట్ ఉన్నట్టు మీకు స్వయంగా తెలిస్తే బయటపెట్టాలని దాని అర్థం. బయటపెట్టడం కుదరకపోతే ఆ చర్చలో పాల్గొనకుండా ఉండడమే దారి.

నేను మా పిల్లలకి చెప్పేది పెద్దగా ఏం లేదు. వెళ్లే ముందు మేనేజర్‌కి రెండు వాక్యాల ఈమెయిల్ పెట్టి, ఫలానా బాఫ్‌లో ఫలానా విషయం మాట్లాడతానని రాతలో ఒప్పించుకోండి. సమస్య గురించి ఎంతసేపైనా మాట్లాడండి, అది మీ సొత్తు కాదు. పరిష్కారం లోపలి మరలు విప్పకండి. విప్పక తప్పదనుకుంటే ముందే దరఖాస్తు వేయించండి. మార్కర్ చేతికి ఇస్తే పక్కవాడికి ఇచ్చెయ్యండి. సొంత సమయంలో, సొంత ల్యాప్‌టాప్ మీద చేసినది మీదేనన్న ధీమా కాలిఫోర్నియా లేబర్ కోడ్ 2870 వల్ల కొంతవరకు చెల్లుతుంది, కానీ కంపెనీ వ్యాపారానికి సంబంధించిందైతే చెల్లదు.

ఇంత భయపెట్టాక, భయపడనక్కర్లేని బాఫ్ ఒకటి ఉందని చెప్పాలి. అది తెలుగు బాఫ్. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క అక్షరం ఐఫోన్లని పడగొట్టింది. జ్ఞకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక విభజన గుర్తు దూరితే చాలు, మెసేజ్ చూపించే యాప్ కుప్పకూలేది. ఆపిల్ వాళ్లు ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ఆ గుర్తే లేకపోతే మనం ‘సాఫ్ట్‌వేర్’ అని సరిగ్గా రాయలేం, ట్ కింద వ ఒత్తు వచ్చి కూర్చుంటుంది. ఇంటర్నెట్ డొమైన్ పేర్ల 2003 నాటి నియమాల్లో ఆ గుర్తుని తీసేసేవారు. 2010లో వచ్చిన నియమాలు పొల్లు తర్వాత దాన్ని అనుమతించాయి. ఇలాంటివి తేలేది పెద్ద హాల్లో కాదు, చిన్న గదుల్లోనే. అక్కడ తెలుగు చదవడం వచ్చినవాడు ఒక్కడైనా ఉండాలి.

ప్రవాసంలో ఉన్న తెలుగువాళ్లు ఈ విషయంలో ఎవరికీ తీసిపోలేదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడానికి రైస్ యూనివర్సిటీ పేరుతో వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతి, కెనడా నుంచి దేశికాచారి గారు ఇచ్చిన పోతన ఫాంటు, సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో అందించిన మల్లన్న, మండలి వంటి ఫాంట్లు, అన్నీ మనవాళ్ల చలవే. ఇప్పుడు మాట వినే యంత్రాల కాలం వచ్చింది, 2022లో కేంద్ర ప్రభుత్వం మన భాషల కోసం భాషిణి మొదలుపెట్టింది. మన మాట మాత్రం వాటికి కొరుకుడు పడదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మనం కర్నూలు వాళ్లం. ఇటు కోస్తా యాసా కాదు, అటు పూర్తిగా సీమ యాసా కాదు. గిద్దలూరు అవ్వ ఫోన్లో మాట్లాడితే యంత్రం తికమకపడుతుంది. ఆ గొంతులని రికార్డు చేసి ఇవ్వాల్సింది ఇంకెవరు? ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు అవ్వని అడిగి, ఆవిడ ఒప్పుకుంటే, కంభం చెరువు కబుర్లు అరగంట చెప్పించుకుని రండి.

ఆ పనికి బాఫ్ పెట్టినప్పుడు మాత్రం నేను పైన చెప్పినవన్నీ తిరగెయ్యండి. తెలిసిన కిటుకంతా చెప్పండి, మార్కర్ అందుకోండి, బొమ్మలు గీయండి, ఫొటోలు తియ్యనివ్వండి. తేదీతో సహా నోట్స్ అందరికీ అందేలా పెట్టండి. ఒకసారి అలా బయటపడ్డాక, రేపు ఏ కంపెనీ వచ్చినా అదే కిటుకు తన కొత్త ఆవిష్కరణేనంటే దాని ముందు పెట్టడానికి మన దగ్గర కాగితం ఉంటుంది.