సంభాషణ ధర్మం

మాట్లాడడం ఒక విద్య. వినడం మరొక విద్య. ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు వినాలో, 'నా మాట ముగిసింది' అని ఎప్పుడు తెలియజేయాలో ఎరిగి ఉండడం ఈ రెండింటినీ మించిన విద్య. ఇది మనుషులకే కాదు, కంప్యూటరులో పనిచేసే ప్రోగ్రాములకు కూడా అవసరమే. అది కొరవడినప్పుడు ఏమవుతుందో నా అనుభవంలోని ఒక చిన్న ఉదంతం ద్వారా వివరిస్తాను.

ఒక ప్రాచీన కావ్యానికి పదసూచిక సిద్ధం చేయాలని సంకల్పించాను. కావ్యంలోని పదాలన్నీ ఏరి, అకారాదిక్రమంలో అమర్చి, ప్రతి పదం ఏ పద్యంలో ఉన్నదో చూపే పట్టికే పదసూచిక. చీటీల మీద రాసుకుంటూ పోతే ఏళ్ళు పట్టే పని. నా పూర్వ విద్యార్థి ఒకడు పైథాన్ అనే స్క్రిప్టింగ్ భాషలో ఇందుకొక ప్రోగ్రాము రాసి ఇచ్చాడు. పద్యాలను పదాలుగా విడదీయడం దాని పని. వాటిని వరుసలో పెట్టే పనిని మాత్రం అది కంప్యూటరులో ముందే ఉన్న 'సార్ట్' అనే ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. పని ప్రారంభించాము. తెర మీద ఒక్క పదమూ కనిపించలేదు. పొరపాటు జరిగిందన్న హెచ్చరికా లేదు. ఒక పూట గడిచినా అదే మౌనం!

ఈ మౌనానికి కారణం తెలియాలంటే ప్రోగ్రాములు ఎలా మాట్లాడుకుంటాయో తెలియాలి. నడుస్తున్న ప్రోగ్రామును 'ప్రాసెస్' అంటారు. ఒక ప్రాసెస్ తన పనికోసం మరొకదానిని పుట్టిస్తే మొదటిది తల్లి, రెండవది పిల్ల. వీటి జ్ఞాపకస్థానాలు వేరువేరు. ఒకదాని మనసులోని మాట మరొకదానికి తెలియదు. మాట చేరవేసే మార్గమే 'పైపు'. తోటలో నీటిగొట్టాలను బిగించినట్లు ప్రోగ్రాములను ఒకదానితో ఒకటి కలపగలగాలని అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లో సూచించారు. 1973లో కెన్ థాంప్సన్ ఆ సూచనను యూనిక్స్ వ్యవస్థలో అమలుపరిచారు. ఈ గొట్టంలో మాట ఒకే దిశలో ప్రవహిస్తుంది. కాబట్టి ఇరువైపులా సంభాషణ సాగాలంటే రెండు గొట్టాలు కావాలి. ఒకటి తల్లి మాట పిల్లకు చేరడానికి, రెండవది పిల్ల మాట తల్లికి చేరడానికి.

ఇక మా చిక్కు చూడండి. తల్లి పదాలన్నీ పంపి జవాబుకోసం ఎదురుచూస్తున్నది. పిల్ల అయిన 'సార్ట్' చివరి పదం వినకుండా మొదటి పదం చెప్పలేదు. ఏమో, ఆ చివరి పదమే 'అ'కారంతో మొదలు కావచ్చును కదా! తల్లి తన గొట్టాన్ని మూసివేస్తేనే మాటలు ముగిశాయని పిల్లకు తెలుస్తుంది. మా ప్రోగ్రాము ఆ గొట్టాన్ని మూయడం మరచింది. ఇద్దరూ ఒకరికోసం ఒకరు నిరీక్షిస్తున్నారు. దీనినే ప్రతిష్టంభన అంటారు. గొట్టాన్ని మూసే ఒక్క వాక్యం చేర్చగానే పదాలు బారులు తీరి వచ్చాయి.

అంతటితో కథ ముగియలేదు. పద్యాలలోని అక్షరదోషాలను వెదకడానికి మరొక పిల్ల ప్రోగ్రామును అదే పద్ధతిలో కలిపాము. ఇరవై పద్యాలతో పరీక్షించగా చక్కగా నడిచింది. కావ్యమంతా ఇచ్చేసరికి మళ్ళీ మౌనం వహించింది. ఈసారి గొట్టాన్ని మూసే వాక్యం ఉన్నా, తల్లి అక్కడిదాకా రాలేకపోయింది. 'సార్ట్' అంతా విన్న తరువాతే పలుకుతుంది. ఈ కొత్త పిల్ల అలా కాక విన్న ప్రతి పంక్తికీ వెంటనే జవాబు చెబుతుంది. తల్లి మాత్రం అంతా చెప్పిన తరువాతే వినాలనుకున్నది. గొట్టానికి ఒక హద్దు ఉన్నది. నేటి లినక్స్ వ్యవస్థలో అది సాధారణంగా 65,536 బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. 'శ్రీ' అన్న ఒక్క అక్షరంలో నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు ఉన్నాయి. ఈ లెక్కన కొన్ని వందల పద్యాలకే రెండు గొట్టాలూ నిండిపోతాయి. జవాబుల గొట్టం నిండగానే పిల్ల ఆగిపోయింది. వినేవారు లేక పద్యాల గొట్టమూ నిండి, తల్లి కూడా ఆగిపోయింది.

మూడవ చిక్కు మరింత సూక్ష్మమైనది. చాలా ప్రోగ్రాములు తెర మీదికి రాసేటప్పుడు పంక్తి ముగియగానే విడుదల చేస్తాయి. అవే గొట్టంలోకి రాసేటప్పుడు మాత్రం కొన్ని వేల బైట్లు పోగయ్యేదాకా తమవద్దే దాచుకుంటాయి. జవాబు సిద్ధంగా ఉన్నా గడప దాటదు. దానిని వెంటనే పంపడానికి 'ఫ్లష్' అనే ఆదేశాన్ని వాడాలి. తల్లి పంపే మాటకూ ఇదే నియమం వర్తిస్తుంది.

ఈ చిక్కులకు పరిష్కారం మన అవధాన విద్యతో పోలిస్తే సులభంగా బోధపడుతుంది. దత్తపదిలో పృచ్ఛకుడు పదాలన్నీ ముందే ఇచ్చి పద్యం కోరుతాడు. ఇటువంటి పనికి పైథాన్‌లో 'కమ్యూనికేట్' అనే సాధనం ఉన్నది. 2004లో వచ్చిన పైథాన్ 2.4లోని 'సబ్‌ప్రాసెస్' విభాగంతో ఇది అందుబాటులోకి వచ్చింది. ఇది ఒకవైపు మాటలు పంపుతూనే మరొకవైపు జవాబులు స్వీకరిస్తుంది. పంపడం పూర్తికాగానే గొట్టాన్ని మూసి, పిల్ల పని ముగిసేదాకా వేచి ఉంటుంది. నిషిద్ధాక్షరి వేరు. అక్కడ పృచ్ఛకుడు ఒక అక్షరాన్ని నిషేధిస్తాడు, అవధాని మరొక అక్షరం పలుకుతాడు. ఇలా వంతులవారీగా సాగే సంభాషణకు 'కమ్యూనికేట్' పనికిరాదు. ఒక పంక్తి పంపి, ఫ్లష్ చేసి, ఒక పంక్తి విని, ఆ తరువాతే మరొకటి పంపాలి. ఈ ఒప్పందం ఉభయులకూ తెలిసి ఉండాలి. లారీ వాల్ 1987లో వెలువరించిన పెర్ల్ భాషలోనూ ఇవే చిక్కులు, ఇవే జాగ్రత్తలు.

మా పదసూచిక పూర్తయింది. అయినా ఆ ఇరవై పద్యాల పరీక్షను నేను మరువలేదు. కొద్దిపాటి మాటలతో సాఫీగా సాగిన సంభాషణను చూసి, అది ఎంతటి భారాన్నైనా మోయగలదని నమ్మడమే మేము చేసిన అసలు పొరపాటు. అక్కడ తల్లికీ, పిల్లకూ పలుకు కొరత లేదు. వినవలసిన వేళకు వినకపోవడమే కొరత. తప్పు చేసిన ప్రోగ్రాము హెచ్చరిక చేస్తే దిద్దుకోవచ్చు. ఒకరికోసం ఒకరు మౌనంగా నిరీక్షిస్తున్నప్పుడు మాత్రం ఆ మౌనానికి కారణం మనమే వెదకాలి.